నేరం శివారుకే పారుతుంది

కృష్ణా డెల్టాలో కాలువ శివారు రైతునడగండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర గేట్లెత్తినా తన చేనుకి నీళ్ళు ఎక్కవంటాడు. నేరం అలా కాదు. పైన ఎక్కడ పుట్టినా ఏ లాకు దగ్గరా ఆగదు, వారబందీ వంతులు అసలే పాటించదు. తిన్నగా శివారుకొచ్చి కాలువ కాసే లస్కరు మెడకి చుట్టుకుంటుంది.

2017 నవంబరు 12, కార్తీకమాసం ఆదివారం. విజయవాడ దగ్గర ఫెర్రీలో, పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. అనుమతి లేని ప్రైవేటు పడవ. సర్కారు మొత్తం కాపురముంటున్న ఊరి పక్కనే, నట్టనడి కృష్ణలో, అది ఎవరి కంటా పడలేదట! కంటపడని వాళ్ళలో చిన్నవాళ్ళు కొందరు సస్పెండయ్యారు. పెద్దవాళ్ళు దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. అదీ శిక్షే అనుకోవాలి కాబోలు. ప్రతిసారీ కొత్తగా దిగ్భ్రాంతి చెందడం మాటలా?

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో, ఒక ప్రైవేటు ఆసుపత్రి కొవిడ్ కేంద్రంగా నడుపుతున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు. లోపల రోగులు. 10 మంది చనిపోయారు. ఈసారి పోలీసులు పై అంతస్తు దాకా మెట్లెక్కారు, ప్రైవేటు మెట్లు గదా! ఆ ఆసుపత్రి అధిపతి ఆచూకీ చెబితే లక్ష రూపాయలన్నారు. మరి అంతకుముందు అదే హోటల్ని క్వారంటైన్ కేంద్రంగా పెట్టిన కలెక్టరు, సబ్ కలెక్టరు, డీఎంహెచ్‌వో బాధ్యులు కారా అని హైకోర్టు అడిగి, దర్యాప్తును ఆపింది. తర్వాత సుప్రీంకోర్టు ఆ దర్యాప్తుకు దారి ఇచ్చింది. హైకోర్టు ప్రశ్నకు జవాబు తెచ్చినవారికి మాత్రం ఎవరూ లక్ష ప్రకటించలేదు.

కిందివాళ్ళ నేరానికి పైవాణ్ణి నిలదీయడం కొత్తేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో మనీలాలో తన సైనికులు చేసిన ఘోరాలకు జపాన్ జనరల్ యమషితాని 1946లో ఉరితీశారు. ఆయన ఆజ్ఞ ఇచ్చినట్టు రుజువు లేకుండానే. అది న్యాయమేనా అని ఇప్పటికీ వాదించుకుంటారు, వాదించుకోవాల్సిందే. 1998 నాటి రోమ్ ఒప్పందం 28వ అధికరణం కొంచెం పద్ధతిగా చెప్పింది: యుద్ధనేరాల్లాంటి వాటిలో, కిందివాళ్ళ పని తెలిసీ ఆపని పైవాడూ నేరస్తుడే. మన దేశం దానిమీద సంతకం పెట్టలేదు. మన చట్టంలో అయితే, విధుల్లో భాగంగా చేశాననే పెద్ద అధికారిని బోనెక్కించాలంటే ప్రభుత్వం అనుమతివ్వాలి. అంటే పైవాడి మీద ఫిర్యాదు, ఆ పైవాడి బల్లమీదే పడుకుంటుంది.

మేం ఉరి అడగడం లేదు. అనుమతి పత్రం మీద సంతకం పెట్టినవాడి పేరూ, తనిఖీ ఎగ్గొట్టించినవాడి పేరూ ఎఫ్ఐఆర్‌లో చేర్చి విచారించండి, చాలు. తప్పు లేకపోతే కోర్టే వదిలేస్తుంది. చిన్న ఉద్యోగికి ఇన్నాళ్ళూ మీరు చెబుతున్న ధైర్యం అదే కదా!