ఏడు గిన్నెల వైద్యం

మా ఇంట్లో పోపుల డబ్బాలు రెండు. ఒకదాంట్లో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు వగైరా ఉంటాయి. రెండోదాంట్లో నా ఆరోగ్యం ఉంటుంది. స్టీలు డబ్బాలో ఏడు గిన్నెలు, వారానికి ఏడు రోజులు. ఇంత చక్కగా మా ఇద్దరి జాతకాలు కూడా కలవలేదు. చుట్టూ ఉన్న గిన్నెల్లో ఆదివారం నుంచి శుక్రవారం దాకా కాల్షియం, జింకు, మల్టీవిటమిన్, చేపనూనె గొట్టాలు, పసుపు గొట్టాలు రంగురంగులుగా సర్దుకుని ఉంటాయి. మధ్య గిన్నె శనివారానిది. కొత్తగా చేరిన పనమ్మాయి ఒకరోజు మూత తీసి చూసి, "అమ్మగారూ, ఇవేం వడియాలండీ, నూనెలో వేస్తే పొంగుతాయా?" అంది.

నాకు కీళ్లవాతం. మోకాళ్లు అరిగి వచ్చే రకం కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున్న లేచేసరికి వేళ్ల కణుపులు ఉబ్బి, పిడికిలి బిగిసిపోయి ఉంటుంది. కాఫీ గ్లాసు పట్టుకోవాలన్నా ముందు వేళ్లని కాసేపు బతిమాలుకోవాలి. జబ్బు బయటపడ్డ రోజున డాక్టరుగారు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. "అమ్మా, ఇమ్యూనిటీ తక్కువై వచ్చిన జబ్బు కాదిది. మీ ఇమ్యూనిటీయే దారి తప్పి మీ కీళ్ల మీద పడింది. మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దొంగల్ని వదిలేసి ఫ్లాట్ల వాళ్లని చితకబాదుతున్నాడనుకోండి. వాడికి బలం మందు పోస్తారా?"

పొయ్యనని బుద్ధిగా తల ఊపాను. మెట్లు దిగి కింద మందుల షాపులో చీటీ ఇచ్చి, "బాబూ, ఇమ్యూనిటీ పెరగడానికి ఏమైనా మంచిది ఉంటే చూడు" అన్నాను.

అలవాటు మరి. కరోనా వచ్చిన ఏడాది నుంచి మన వీధుల్లో ఆ మాట లేకుండా కొబ్బరిబొండం కూడా అమ్మడం లేదు. అందరూ పెంచుకుంటుంటే నేనొక్కదాన్నే తగ్గించుకోవడానికి డబ్బు కట్టడం నామోషీగా ఉంటుంది.

చీటీలో డాక్టరుగారు రాసింది మాత్రం చాలా కొంచెం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్, ఇంకా కాల్షియం, కొన్ని వారాలపాటు డి విటమిన్. ఇందులో మొదటిది సామాన్యమైన మాత్ర కాదు. వారానికి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, అలా పోయినవాళ్లు ఉన్నారు. పైగా నాకిచ్చిన మెథోట్రెక్సేటూ పసుపుపచ్చనిదే, ఫోలిక్కూ పసుపుపచ్చనిదే, రెండూ చిన్నవే. డాక్టరుగారు ఈ సంగతి రెండుసార్లు నాకు చెప్పి, మూడోసారి మా ఆయన వైపు తిరిగి చెప్పారు. అక్కడితో నా స్వాతంత్ర్యం పోయింది.

మా ఆయన బ్యాంకులో హెడ్ క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. ఆ మాత్రల షీటు తీసుకెళ్లి బీరువాలో నగల అరలో పెట్టి తాళం వేశారు. శనివారం రాత్రి భోజనాలయ్యాక తాళం తీసి, గోడమీద క్యాలెండరు చూసి, సెల్‌ఫోన్‌లో ఇంకోసారి వారం చూసి, లెక్కపెట్టి మధ్య గిన్నెలో వేసి నా ముందుకు తోస్తారు. రిజిస్టరులో సంతకం పెట్టాలి. కణుపులు బాగా వాచిన ఒక వారం సంతకం వంకరపోయింది. "స్పెసిమెన్‌తో కలవడం లేదే" అన్నారు, కళ్లజోడు పైకి తోసుకుంటూ. మాత్ర కోసం మళ్లీ సంతకం పెట్టాను.

ఇక ఫోలిక్ యాసిడ్ సంగతి. విటమిన్లంటే పడిచచ్చే నేను, ఇంట్లో డాక్టరు రాసిచ్చిన ఒకే ఒక్క బి విటమిన్‌ని పూచికపుల్లలా చూశాను. పెసరబద్దంత బిళ్ళ. షీటు మొత్తం కొన్నా పావుకిలో పచ్చిమిరపకాయల ఖరీదు ఉండదు. అంత చవగ్గా దొరికేది ఒంటికి ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఎక్కడో చదివాను కూడా, మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఒంట్లో ఫోలిక్‌ని అడ్డుకుని అని. ఒక చేత్తో అడ్డుకోవడం, ఇంకో చేత్తో అదే మింగడం ఏం తెలివని, ఫోలిక్‌ని తులసికోట దగ్గర మట్టిలోకి జారవిడవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి నోరంతా పూసింది. కొత్తావకాయ కలిపిన రోజుల్లో నేను చప్పిడి పెరుగన్నం తింటుంటే, ఇంటిల్లిపాదీ నా ఎదురుగా కూర్చుని వేళ్లు నాక్కున్నారు. ఇంతకంటే పెద్ద శిక్ష గోదావరి జిల్లాల్లో ఇంకా కనిపెట్టలేదు.

నా పుట్టిల్లు భీమవరం. అదే నన్ను ఎక్కువ పొడిచింది. ఎందుకంటే ఆ రెండు పచ్చబిళ్ళల వెనకా ఉన్నది మా ఊళ్లో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆయన తోడబుట్టినవాళ్లలో కొందరు, ఒంట్లో ఫోలిక్ నిలవనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. 1923లో ఆయన అమెరికా వెళ్లారు. తర్వాత లెడర్లే కంపెనీలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే దానికి విరోధుల్ని కూడా వాళ్లే తయారుచేశారు. అమినోప్టెరిన్, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కి అమినోప్టెరిన్ ఇచ్చి ఫలితం చూపించిన 1948లోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది మరో నలభై ఏళ్లకి, 1988లో. అంటే శనివారం నేను మింగే విరుగుడూ, మిగతా రోజుల్లో మింగే విటమినూ రెండూ మా ఊరి పెద్దమనిషి చేతిచలవే. అలాంటిదాన్ని నేను తులసి మొక్కకి వేశాను. మొక్క మాత్రం ఏపుగా ఎదిగింది.

మరి నా భక్తంతా ఎటు పోయిందంటే, అమెరికా సూట్‌కేసు వైపు. అక్కడుండే మా అబ్బాయి వచ్చేటప్పుడల్లా ఒక పెట్టె నిండా విటమిన్ సీసాలు తెస్తాడు. ఒక్కో సీసా మా ఇంట్లో చింతకాయ పచ్చడి జాడీ అంత. భీమవరంలో చేపల చెరువుల మధ్య పెరిగిన దాన్ని, చేపనూనె అమెరికా నుంచి గొట్టాల్లో తెప్పించుకుంటున్నాను. విజయవాడలో ఉన్న మా ఇంటికి దుగ్గిరాల పసుపు యార్డు ఎంతో దూరం కాదు. నేను మింగే పసుపు మాత్రం మిరియాల సారంతో కలిసి, విమానమెక్కి, డాలర్ల ఖరీదుతో దిగుతుంది. కూరలో చిటికెడు వేసుకునేది వేరు, ఇలా గాఢం చేసి గొట్టాల్లో నింపింది వేరు, వీటివల్ల లివర్ చెడిన కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయని తర్వాత డాక్టరుగారు చెప్పారు. అసలే మెథోట్రెక్సేట్‌కి లివర్ మీద ఓ కన్ను.

ఆ సీసాలతో ఇంకో తమాషా. పిల్లలు తెరవకూడదని మూతని కిందికి నొక్కి తిప్పేలా చేస్తారు. నొక్కుతూ తిప్పడం నా వేళ్లకి ఏ జన్మలోనూ రాదు. పక్క ఫ్లాటులో రెండో తరగతి చదివే బుడతణ్ణి పిలుస్తాను. వాడు టక్కున తీసి, "నాకేదీ మామ్మా?" అంటాడు. వాడికో జీడిపప్పు, నాకో గొట్టం.

వాడు తీసి ఇచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది బయోటిన్. మెథోట్రెక్సేట్ మొదలెట్టాక దువ్వెనకి జుట్టు ఎక్కువ వస్తోందని ఫోన్లో అన్నానని మావాడు తెచ్చాడు. సీసా వెనక అట్టముక్క మీద, భూతద్దం పెడితేగానీ కనపడని అక్షరాల్లో, 10,000 మైక్రోగ్రాములు, రోజుకి కావలసిన దానిలో 33,333 శాతం అని ఉంది. రోజుకి కావలసింది 30 మైక్రోగ్రాములే. చదువుకునే రోజుల్లో లెక్కల్లో ముప్ఫై అయిదు శాతం కోసం దణ్ణాలు పెట్టుకున్నదాన్ని, ఆ అంకె చూసి కళ్లు చెమర్చాయి. దాని కిందే, ఇంకా చిన్న అక్షరాల్లో, ఈ మాటల్ని ఎఫ్‌డీఏ పరిశీలించలేదని కూడా రాసి ఉంది. 1994లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటివి అమ్మడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదట. మన దేశపు సీసాల మీద 'వైద్యానికి కాదు' అని ఇంగ్లీషులో ఉంటుంది. అవీ చదివాను. చదివి మింగాను.

తర్వాతి రక్తపరీక్షలో నా థైరాయిడ్ గుర్రంలా పరుగెత్తుతోందని వచ్చింది. కీళ్లకి తోడు గొంతు మీద కూడా పడ్డాడా ఈ వాచ్‌మన్ అని ఇల్లంతా దిగులు. ఆడపడుచు గుంటూరు నుంచి దిగింది. డాక్టరుగారు కాగితం చూసి, నన్ను చూసి, "జుట్టుకేమైనా వేసుకుంటున్నారామ్మా?" అన్నారు. చాలా ల్యాబుల్లో పరీక్ష జరిగే పద్ధతిలోనే బయోటిన్ ఉంటుందట. ఒంట్లో అది అతిగా ఉంటే లెక్క తప్పుతుంది. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు, ఉన్న గుండెపోటు లేనట్టు కనపడొచ్చు. ఇలాంటి తప్పుల గురించి 2017లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా. కొన్నాళ్లు ఆపి మళ్లీ రక్తమిస్తే థైరాయిడ్ నిక్షేపంలా ఉంది. ఆడపడుచు మాత్రం వచ్చింది కాబట్టి మరో వారం ఉంది.

ఉన్నన్నాళ్లూ తిప్పతీగ కషాయం కాచింది. "వదినా, చెట్టు మందు, ఏం చెయ్యదు" అంటుంది. ఏమీ చెయ్యనిది ఎందుకు తాగాలో ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు రాశారు. మా డాక్టరుగారైతే ఇమ్యూనిటీని రెచ్చగొట్టేది ఏదైనా మీలాంటివాళ్లకి వద్దనేశారు. ఆయుష్ శాఖ ముంబైవాళ్ల మాట ఒప్పుకోలేదని ఆడపడుచు పేపరు తెచ్చి చూపించింది. నాకు ఇద్దరితోనూ పేచీ ఎందుకని కషాయం తీసుకుని, అలవాటైన చోటే పోశాను. తులసి మొక్క దేనికైనా తట్టుకుంటుంది.

డి విటమిన్ దగ్గర మాత్రం నా చేతికి ఆధారం దొరికింది. అమెరికాలో 25,871 మంది మీద అయిదేళ్లకు పైగా చేసిన పరిశోధనలో, రోజూ 2,000 యూనిట్ల డి విటమిన్ వేసుకున్నవాళ్లకి ఆటోఇమ్యూన్ జబ్బులు 22 శాతం తక్కువ వచ్చాయని 2022లో అచ్చయింది. కాగితం మా ఆయన ముందు పెట్టాను. ఆయన పాస్‌బుక్కు చూసినట్టు పైనుంచి కింది దాకా చూసి, "ఇది రానివాళ్లకి రాకుండా ఉండే సంగతి. నీకు వచ్చి కూర్చుందిగా" అన్నారు. "పైగా వాళ్లు వేసుకుంది రోజుకి రెండు వేలు. నువ్వు వారానికి అరవై వేలది కోర్సు అయిపోయినా లాగిస్తున్నావు." ఆ అరవై వేలు ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకి చేటు. నాకూ తెలుసు. కానీ అరవై వేలు అన్న మాటలో ఓ నిండుదనం ఉంది. ఆయన పెన్షను కూడా అంత రాదు.

చివరికి డాక్టరుగారే, ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచీలో వేసుకుని తెమ్మన్నారు. చేతిసంచీ చాలక, బియ్యం సంచీ తీశాం. ఆయన బల్ల మీద సీసాలు వరసగా నిలబెట్టి ఒక్కొక్కటే చదువుతుంటే, మా ఆయన పక్కన నిలబడి రిజిస్టరు నింపారు. ఫోలిక్, కాల్షియం ఈ పక్కకి. చేపనూనె, పోనీ ఉండనీయమన్నారు, నొప్పులకి కొంచెం పనికొస్తుందని. డి విటమిన్ రక్తపరీక్ష చూసి చెబుతానన్నారు. పసుపు గొట్టాలు, అశ్వగంధ, స్పిరులినా, పేరులో ఇమ్యూనిటీ ఉన్నవన్నీ ఆ పక్కకి. ఆ పక్క వరస చివర బయోటిన్.

ఇంటికొచ్చాక మా ఆయన ఆ పక్కవాటిని రిజిస్టరులో 'డెడ్ స్టాక్' కింద రాసి బీరువా పైకెక్కించారు. బయోటిన్ మాత్రం ప్రమాదకరమైనదని, విడిగా తన కస్టడీలో పెట్టుకున్నారు. బాధ్యత గల మనిషి.

మొన్న ఆదివారం మావాడు వీడియోకాల్ చేశాడు. వచ్చే నెల వస్తున్నాడట. "అమ్మా, ఈసారి ఏం తేమంటావే?" అన్నాడు. ఏమీ వద్దురా, బీరువా మీద చోటు లేదు, నువ్వొస్తే చాలు అన్నాను నిష్ఠగా. హాల్లో సోఫా మీంచి, నున్నటి నెత్తి నిమురుకుంటూ మా ఆయన గొంతు వినపడింది.

"బయోటిన్ ఒక్కటీ రాసుకోమను."