ఆకాంక్షా లోపం: నెలవారీ నవలల పెట్టెకు టీకా తాత్పర్యం

మూలం: ఈ నెల మీ కొఱకై ఏరి కూర్చిన అయిదు నూతన నవలలివి, వీనిలో మనసైనదానిని మీరే యెన్నుకొనుడు.

అవతారిక. ముందే డబ్బు కట్టిన చదువరికి నెలకో కొత్త నవలను పెట్టెలో పంపడం అమెరికాలో పాత వ్యాపారం. నెల మొదట్లో వచ్చే ఆ ప్రకటనలన్నింటినీ పిండితే మిగిలే సూత్రం పైది. సూత్రం ఉన్నాక వ్యాఖ్యానం తప్పదు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయనది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఇక్కడ పాటిస్తాం. రెండో సగాన్నీ పాటిస్తే ఈ సూత్రం మీద రాయడానికి ఏమీ మిగలదు. ప్రతిపదార్థం సుగమం కనుక విడిచిపెట్టాం. అయిదు అంటే అయిదే. కొన్ని నెలల్లో ఏడు అని పాఠాంతరం. శాస్త్రానికి అనుబంధ చతుష్టయం చెప్పాలి కనుక చెబుతున్నాం: విషయం నవల, ప్రయోజనం కాలక్షేపం, సంబంధం క్రెడిట్ కార్డు. అధికారి విషయంలో వేదాంతులు వివేకం, వైరాగ్యం అంటూ చాలా పేచీలు పెట్టారు. ఇక్కడ చందా బకాయి లేకపోతే చాలు.

చిక్కంతా "మనసైనది" అన్నచోట ఉంది. దాన్ని విప్పడానికి అన్నంభట్టును పిలవాలి. తర్కసంగ్రహం రాసిన ఆయన మన తెలుగువాడే. మాటల గుంపు వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలన్నాడు. ఒక మాట ఇంకో మాట కోసం ఎదురుచూడటం ఆకాంక్ష. అర్థానికి అర్థం అడ్డుపడకపోవడం యోగ్యత. మాటలు జాములు జాములుగా కాక వెంటవెంటనే పడటం సన్నిధి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని గుక్కతిప్పకుండా అన్నా వాక్యం పుట్టదు. ఒకదానికొకటి అక్కర్లేదు కనుక. చదువరికీ పుస్తకానికీ మధ్య అన్వయం కూడా ఈ మూడింటివల్లే కుదురుతుందని మా సిద్ధాంతం. పెట్టె చీటీలో ఒక హత్య, ఒక ప్రేమ, ఒక రెండో ప్రపంచయుద్ధం, ఒక మంత్రలోకం, అమ్మమ్మ దాచిన ఒక కుటుంబ రహస్యం పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు. వేటికవి యోగ్యమైనవే కావచ్చు. సన్నిధి మాట చెప్పనక్కర్లేదు, పుస్తకం గుమ్మంలోకే వచ్చి కూర్చుంటుంది. కొరవడింది ఆకాంక్ష ఒక్కటే.

అది ఎందుకు కొరవడిందంటే, డబ్బు ముందు వెళ్లి కోరిక వెనక నడుస్తోంది కనుక. దుకాణంలో పుస్తకం తిరగేస్తున్న మనిషి తనను తాను అడిగేది "ఇది నాకు కావాలా" అని. అక్కడ వద్దనడం కూడా నిండు జవాబే. చందాదారుకు ఆ ప్రశ్న అడిగే అవకాశమే లేదు. కావాలని ఆయన తరఫున ముందే రాసేశారు. మిగిలింది "వీటిలో ఏది" అన్నదొక్కటే. దానికి నిజాయితీగా జవాబు చెబితే మనసైనది బయటపడదు, అయిదింటిలో తక్కువ విసుగు పుట్టించేది బయటపడుతుంది. కొండ మీద పొగను చూసి నైయాయికుడు నిప్పుందని ఊహిస్తాడు. ఖాతాలో చందాను చూసి సంస్థ కోరిక ఉందని ఊహిస్తుంది. కానీ చందా చాలాసార్లు పుస్తకం మీది ఇష్టంలోంచి పుట్టదు, ఈ ఏడాదైనా నాలుగు పుస్తకాలు చదవాలనే అపరాధభావంలోంచి పుడుతుంది. సాధ్యం, అంటే నిరూపించదలచినది, లేనిచోట కూడా కనిపించే ఇలాంటి హేతువును సవ్యభిచారం అన్నారు. పేరు బాగాలేదు, దోషం మాత్రం అదే.

ప్రసక్తానుప్రసక్తంగా ఈ పద్ధతి పుట్టుక చెప్పాలి. న్యూయార్క్‌లో హ్యారీ షెర్మన్ అనే ప్రకటనల రచయిత ఉండేవాడు. తోలు అట్టల బుల్లి షేక్‌స్పియర్‌ను చాక్లెట్ పెట్టెతో కలిపి అమ్మించిన ఉపాయశాలి. మిఠాయితోపాటు వెళ్లిన పుస్తకం ఒంటరిగానూ వెళ్లగలదని గ్రహించి, 1926లో బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ పెట్టాడు. హెన్రీ సైడెల్ క్యాన్‌బీ అధ్యక్షుడిగా అయిదుగురు న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. ఆ ఏప్రిల్‌లో తొలి ఎంపికగా సిల్వియా టౌన్సెండ్ వార్నర్ రాసిన "లాలీ విల్లోస్" 4,750 మంది సభ్యులకు వెళ్లింది. అప్పట్లో ఎన్నుకోమని అడగడం లేదు, పంపడమే. పుస్తకాలు తిరుగుటపాలో రావడం మొదలయ్యాక ముందుగా కబురు పంపే పద్ధతి పెట్టారు: వద్దంటే చీటీ నింపి పంపండి, పంపకపోతే పుస్తకం వస్తుంది. మన పెద్దలు మౌనాన్ని అర్ధాంగీకారం అన్నారు. షెర్మన్ గారు పూర్ణాంగీకారం చేసి బిల్లు జతచేశారు. ఈ మీమాంస ఎంత దూరం వెళ్లిందంటే, 1973లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన తెచ్చి, వద్దని చెప్పడానికి సభ్యుడికి కనీసం 10 రోజులైనా ఇవ్వాలంది. 

ఏరేవాడి చేయి ఏరడంతో ఆగితే ఇంత గొడవ లేదు. 1940లో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ నవల "నేటివ్ సన్"ను క్లబ్ ఎంపిక చేసింది, కొన్ని ఘట్టాలు మార్చాలన్న షరతు మీద. రైట్ మార్చాడు. మార్చకముందు పాఠం 1991 దాకా పాఠకులకు అందలేదు. 1945లో ఆయన ఆత్మకథ "బ్లాక్ బాయ్" వంతు వచ్చింది. దక్షిణాది బాల్యం బాగానే ఉందన్నారు. ఉత్తరాదికి వచ్చాక కూడా నల్లవాడి ఆకలి తీరలేదని చెప్పే రెండో భాగం వద్దన్నారు. ఆ భాగం "అమెరికన్ హంగర్" పేరుతో పూర్తిగా వెలువడింది 1977లో, రైట్ పోయిన 17 ఏళ్లకు. ఇది నవ్వే విషయం కాదు. లక్షల ఇళ్లకు ఏ పుస్తకం వెళ్లాలో ఒక బల్ల దగ్గర తేలుతున్నప్పుడు, ఆ పుస్తకంలో ఏముండాలో కూడా అదే బల్ల దగ్గర తేలుతుంది. ఏరడం అనే మాటను ఇంత మురిపెంగా వాడేవాళ్లు ఏరిపారేసినదాని జాబితాను కూడా ఎప్పుడైనా పెట్టెలో పెట్టాలి.

మూలం దగ్గరకు వద్దాం. పుస్తకం అట్ట మీది పొగడ్తల గురించి ఒక మాట చాలు. వాయువు వేగాన్ని వేదం పొగిడితే, అది వాయువు గురించిన సమాచారం కాదు, యాగం చేయించడానికి చేసిన స్తుతి అన్నారు మీమాంసకులు. దాని పేరు అర్థవాదం. కింద పెట్టనివ్వదు, నిద్రపోనివ్వదు అన్నవీ అంతే. విధివాక్యం "పెట్టెలో వేయండి" అన్నదే.

పూర్వపక్షం: వద్దనుకుంటే ఆ నెల దాటవేసే మీట ఉంది కదా? ఉంది. దాటవేస్తే కట్టిన డబ్బు వచ్చే నెల అయిదింటి ముందు నిలబడుతుంది. పుస్తకం తప్పుతుంది, ప్రశ్న తప్పదు. ఇంకో పూర్వపక్షం: గ్రంథాలయాధికారి కూడా ఏరుతాడు కదా? ఏరుతాడు, కానీ నెలాఖరుకు ఒకటి తీసుకెళ్లాల్సిందేనని తలుపు దగ్గర నిలబడడు. పైగా ఆయన అల్మరాలో ముప్ఫై ఏళ్ల నాటి నవలకూ చోటుంటుంది. చీటీలో మాత్రం కొత్తదనమే అర్హత.

బలమైన పూర్వపక్షం ఒకటుంది. "లాలీ విల్లోస్" వార్నర్ తొలి నవల. అమెరికాలో అప్పటికి ఎవరూ అంతగా ఎరగని రచయిత్రి. పెళ్లి కాని నడివయసు ఆడది పల్లెకు పోయి మంత్రగత్తె అయ్యే ఆ కథను అడిగి తెప్పించుకునేవాళ్లు ఎందరుంటారు? ఆకాంక్ష ముందే ఉండాలంటే తొలి నవలలన్నీ గోదాములోనే మగ్గుతాయి. ఒప్పుకోవలసిందే. పుస్తకం వచ్చాక పుట్టే ఆకాంక్షకు అన్నంభట్టు దగ్గర గడి లేదు, మా దగ్గరా లేదు. కానీ ఆ నవలను పంపినవాళ్లు "మేం ఎన్నుకున్నాం, చదివి చూడండి" అని తమ అయిదు పేర్ల కింద పంపారు. ఇప్పటి చీటీ మాత్రం ఎంపికను మర్యాదగా మన చేతిలో పెడుతుంది, దాంతోపాటు నిందను కూడా. 1926లో నవల నచ్చనివాడు క్యాన్‌బీకి ఘాటుగా ఉత్తరం రాసి హాయిగా నిద్రపోవచ్చు. ఇప్పటివాడు ఆ ఉత్తరం రాయాలంటే తనకే రాసుకోవాలి.