ముందు తలుపు నుంచి వెళ్లకండి

ఇంగ్లండ్‌లోని బాత్ నగరానికి వెళ్లి గ్రీన్ పార్క్ బ్రాసరీలో భోంచేస్తామంటే, తెలిసినవాళ్లు చెప్పే జాగ్రత్తలు మామూలువే. రద్దీ లేని రోజు చూసుకోండి, టేబుల్ ముందే చెప్పి ఉంచండి, ఆకలి మరీ ముదరకముందే వెళ్లండి అంటారు. నేను ఇవేవీ చెప్పను. 1966 దాకా అది రైల్వే స్టేషన్. బ్రాసరీ నడుస్తున్నది పాత బుకింగ్ హాల్లో. స్టేషన్‌కి ప్రయాణికుడిగానే వెళ్లాలి: అలసిపోయి, ఆకలేసి, చేతిలో సంచీతో.

ముందు తలుపు నుంచి మాత్రం వెళ్లకండి. ముఖద్వారం అందమైనదే, కాదనను. ఆ ఊరి జార్జియన్ భవనాల పక్కన చిన్నబోకుండా మిడ్లాండ్ రైల్వే కంపెనీ 1870లో స్తంభాలు నిలిపి కట్టించింది. కానీ రైల్లో వచ్చినవాళ్లకు మొదట కనబడింది అది కాదు. మీరు వెనకవైపు, సూపర్ మార్కెట్ దిక్కు నుంచి రండి. పట్టాలు వచ్చింది అటునుంచే. కార్లనూ ట్రాలీలనూ తప్పించుకుంటూ నడుస్తుంటే ఇనుప కమానుల మీద గాజుకప్పు ఎదురవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల ధాటికి ఆ అద్దాలు పోతే, రైళ్లు నడిచినన్నాళ్లూ ఎవరూ మళ్లీ వేయించలేదు. స్టేషన్ మూతపడ్డాక, 1980ల్లో, సూపర్ మార్కెట్ కంపెనీ డబ్బు పెట్టి బాగుచేయించింది. రైల్వే వదిలేసిన కప్పును నిలబెట్టినందుకు ఆ వ్యాపారులంటే నాకు గౌరవం.

కాళ్లలో సత్తువ ఉంటే ఇంకా దూరం నుంచి రండి. టాక్సీలో మిడ్‌ఫర్డ్ అనే పల్లెకు పోయి, అక్కడినుంచి పాత రైలుమార్గం మీదే నడవండి. సోమర్సెట్ అండ్ డోర్సెట్ లైను పోయిన దారి అది. 2013లో నడిచేవాళ్లకూ సైకిళ్లకూ తెరిచారు. దారిలో రెండు సొరంగాలు. పెద్దది కూమ్ డౌన్, 1,672 మీటర్లు. మధ్యలో పొగ పోవడానికి ఒక్క గాలిగొట్టమైనా లేదు. 1929లో ఈ సొరంగంలో నత్తనడక నడుస్తున్న గూడ్సు బండి డ్రైవరు, ఫైర్‌మన్ ఇద్దరూ పొగకు స్పృహ తప్పారు. అదుపు చేసేవాళ్లు లేని బండి పల్లంలో దూసుకొచ్చి బాత్ గూడ్సు యార్డు దగ్గర బోల్తాపడింది. డ్రైవరుతో సహా ముగ్గురు చనిపోయారు. భోజనానికి ముందు ఇలాంటి సంగతులెందుకు అంటారేమో. ఆ చీకట్లో అరగంట నడిచి వచ్చినవాడికి, వెలుతురు పడే ఆ స్టేషన్ కప్పు ఎంత పెద్ద ఊరటో చెప్పక్కర్లేదు. అందుకే ముందు సొరంగం, తర్వాత భోజనం.

రోజు శనివారమే కావాలి, అదీ వేసవిలో. పొద్దున ఆ కప్పు కిందే రైతుల సంత ఉంటుంది. జనం ఒత్తుకుంటారు, చోటు దొరకదు, నిలబడాల్సి వస్తుంది. నిలబడండి. ఒకప్పుడు ఉత్తరాది ఊళ్లనుంచి బోర్న్‌మత్ సముద్రతీరానికి సెలవులకు పోయే కుటుంబాలతో ఈ ప్లాట్‌ఫారాలు కిక్కిరిసింది వేసవి శనివారాల్లోనే. మంగళవారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న హాలును చూస్తే స్టేషన్‌ను చూసినట్టు కాదు.

లోపల చోటు దొరికాక మెనూ వెంటనే అడగకండి. మాంచెస్టర్ నుంచి బోర్న్‌మత్ పోయే పైన్స్ ఎక్స్‌ప్రెస్ రైలుకు ఇక్కడ పట్టాలు ముగిసేవి. బండి వచ్చిన దిక్కుకే తిరిగి బయల్దేరాలి కాబట్టి రెండో చివర కొత్త ఇంజను తగిలించేవాళ్లు. అంతసేపూ జనం ఎదురుచూసేవాళ్లు. మీరూ చూడండి. బార్ దగ్గర ఏదైనా తాగుతూ కూర్చోండి. మందు అలవాటు లేకపోతే నిమ్మసోడా చాలు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

బార్ అనగానే వెనక్కి తగ్గే మన పెద్దవాళ్లను ఇంట్లో వదిలి రాకండి. బ్రిస్టల్‌లోనో లండన్‌లోనో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు కోటలూ మ్యూజియాలూ చూపిస్తారు కానీ ఇలాంటి చోటుకు తీసుకురారు. బొగ్గు ఇంజనును కళ్లారా చూసిన తరం వాళ్లదే. ఇంజను ఎక్కడ ఆగేదో, పొగ ఎటు పోయేదో మీకంటే ముందు వాళ్లే పోల్చుకుంటారు. నాన్నగారిని మాట్లాడనివ్వండి, భోజనం చల్లారినా ఫరవాలేదు.

ఇక తిరుగు ప్రయాణం. బాత్‌లో ఇప్పుడు ప్రధాన స్టేషన్ బాత్ స్పా; నడిచి పోవచ్చు. ఒకే బండికి కట్టిపడేసే చవక టికెట్ మాత్రం కొనకండి. కాస్త ఎక్కువైనా ఏ రైలైనా ఎక్కనిచ్చే టికెట్ తీసుకోండి. పెద్దాయన మాట ఇంకా పూర్తికాకపోతే తర్వాతి బండికి వెళ్లొచ్చు.