పోయినవాడి పేరున ప్రీమియం

హైదరాబాద్ మళ్లీ ఛాతీ విరుచుకుంటోంది. బీమాలో విదేశీ పెట్టుబడికి తలుపులు బార్లా తెరిచారట, వాటి కాపలాదారు, అంటే బీమా నియంత్రణ సంస్థ, మన నానక్‌రామ్‌గూడలోనే కూర్చుందట. శుభం. 2000లో 26 శాతం, 2015లో 49, 2021లో 74, ఇప్పుడు ఏకంగా 100. లెక్కల పరీక్షలో మా పిల్లల మార్కులు ఇంత బుద్ధిగా ఏనాడూ పెరగలేదు. 2047 నాటికి అందరికీ బీమా అని కూడా చెప్పేశారు. ఆ అందరిలో అండమాన్ ఉందా?

పోర్ట్ బ్లెయిర్‌లో (శ్రీ విజయపురం అనాలి, మరిచిపోతుంటాను) జంగ్లీఘాట్ ఉంది. శ్రీకాకుళం నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లు అక్కడ చేపలు పడతారు. వాళ్లలో ఒకడు వేటకెళ్లి తిరిగిరాలేదనుకోండి. శవం దొరకలేదు. ఏడేళ్లపాటు కబురు లేకపోతేగానీ పోయాడని చట్టం ఒప్పుకోదు. సరే, పోయినవాడు ఎటూ రాడు, ఆగుదాం.

కానీ పాలసీ ఆగదు! ఏడేళ్లు నిండినంత మాత్రాన, కనబడకుండా పోయిన రోజే చనిపోయాడని అనుకోవడానికి వీల్లేదని, మధ్యలో ప్రీమియం ఆగిన పాలసీకి పూర్తి సొమ్ము రాదని 2004లో ఎల్‌ఐసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మనిషి ఏమైనా కానీ, పాలసీ మాత్రం బతికుండాలి. అంటే సంపాదించేవాడు లేని ఇంట్లో, అతను లేడని ఒప్పించడానికి, అతని పేరునే ఆ ఇల్లాలు ఏడేళ్లు వాయిదాలు కట్టాలి. దేనితో? వలలు అమ్మా?

ఇందులో నవ్వడానికేమీ లేదు, ఇది దుర్మార్గం. చేయాలనుకుంటే చేయలేరా అంటే, చేశారు. అదే ఏడాది డిసెంబరు 26 సునామీలో గల్లంతైనవాళ్లకు ఏడేళ్లు ఆగకుండానే మరణ ధ్రువపత్రాలిచ్చారు. వేలమందితో కలిసి మునిగితే చచ్చినట్టే లెక్క, ఒక్కడివే మునిగితే ఏడేళ్లు బతికినట్టు లెక్క!

అదే నియంత్రణ సంస్థ ఆస్పత్రి బిల్లుకు మాత్రం 2024లో గడువులు పెట్టింది: నగదురహిత చికిత్సకు గంటలో అనుమతి, డిశ్చార్జికి మూడు గంటలు. ఇక ఫిర్యాదంటారా, అండమాన్‌కు బీమా అంబుడ్స్‌మన్ కోల్‌కతాలో ఉన్నారు.

నానక్‌రామ్‌గూడ పెద్దలారా, మీ భవనాన్ని చూసి మేం తర్వాత మురుస్తాం. సముద్రంలో గల్లంతైనవాడి పాలసీ మీద ఆ రోజు నుంచే ప్రీమియం అడగొద్దని, తీర రక్షక దళం, పోలీసుల గాలింపు నివేదికల మీదే క్లెయిము తేల్చాలని ఒక్క సర్క్యులర్ పంపండి. పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. కంపెనీలకు ఆదేశాలిచ్చే అధికారం 1938 బీమా చట్టం 34వ సెక్షన్ మీకు ఎప్పుడో ఇచ్చింది.