శుక్రవారం సొదొమ, శనివారం సంబంధం

దోహాలోని అల్ ముంతజాలో జరిగే తెలుగు క్రైస్తవ కుటుంబ కూడికల్లో అమలాపురం కన్నా, కడప కన్నా, ఆర్మూరు కన్నా ఎక్కువసార్లు వినిపించే ఊరు సొదొమ, స్వలింగ సంబంధాల పాపానికి దేవుడు తగలబెట్టాడని ప్రసంగాల్లో చెప్పే బైబిలు ఊరు. ఆ ఊరివాళ్లెవరూ వీసా తీసుకుని దోహాకు రాలేదు. అయినా "క్రైస్తవ వివాహం" అని అంశం పెట్టుకున్న ప్రతిసారీ వాక్యం చెప్పే అయ్యగారు సరాసరి అక్కడికే వెళ్తారు. ఆ ఊరిని ఇంకోసారి తగలబెట్టి బిర్యానీ వేళకు తిరిగొస్తారు. ఏ ఫ్లాటులో, ఏ అయ్యగారు అని అడక్కండి. ఏ ఫ్లాటైనా, ఏ అయ్యగారైనా అనుకోండి, పెద్ద తేడా రాదు.

బి రింగ్ రోడ్డుకూ సి రింగ్ రోడ్డుకూ నడుమనున్న ఈ పేటలో చర్చి లేదు. ఆరాధనకు మెసయిమీర్‌లోని చర్చిల ఆవరణకు వెళ్లాలి. అక్కడ అప్పటి ఖతార్ అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా ఇచ్చిన స్థలంలో అవర్ లేడీ ఆఫ్ ది రోజరీ కేథలిక్ చర్చిని 2008 మార్చి 14న ప్రతిష్ఠించారు. ఆ పని చేసిన కార్డినల్ ఐవాన్ డయాస్ మన ముంబైవాడే. ఆంగ్లికన్ల ఎపిఫనీ చర్చిని 2013లో తెరిచారు. ఆ ఆవరణ గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, బయటికి సిలువ కనబడదు, గంట మోగదు. ఆదివారం ఆఫీసు కాబట్టి పెద్ద ఆరాధన శుక్రవారం. అంటే గంట లేకపోయినా సర్దుకున్నారు, సిలువ లోపలే ఉన్నా సర్దుకున్నారు, చివరికి ప్రభువు దినాన్ని కూడా క్యాలెండర్లో రెండు గళ్లు వెనక్కి జరిపారు. పెళ్లి విషయం వచ్చేసరికి మాత్రం సృష్టి మొదలు ఏదీ మారలేదు, మారదు అంటారు.

మారలేదనే మాట ఒకసారి చట్టం పుస్తకాల్లో చూద్దాం. భారత క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. దాని ప్రకారం భర్తకు విడాకులు కావాలంటే భార్య వ్యభిచారం రుజువైతే చాలు. భార్యకు కావాలంటే మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటీ చాలదు, దానికి తోడు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో, రెండో పెళ్లో కూడా జతపడాలి. కొసరు లేనిదే బేరం కుదరదన్నమాట. ఈ తూకం 2001లో పార్లమెంటు సరిచేసేదాకా 132 ఏళ్లు నడిచింది. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు కూడా అప్పుడే వచ్చింది. ఇక 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఉదయం ఆరుకూ సాయంత్రం ఏడుకూ మధ్యే జరగాలి, లేదంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. ముహూర్తాలు చూడటం పాపమని చెప్పే సంఘానికి ఇంగ్లీషు దొరలు పెట్టిపోయిన ముహూర్తం ఇది.

ముహూర్తం అంటే జ్యోతిష్యుడు గుర్తుకొస్తాడు. స్వలింగ సంబంధాలు నేరం కావని 2009లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో మొదటి పేరు సురేశ్ కుమార్ కౌశల్, ఢిల్లీలో జ్యోతిష్యుడు. అదే వాదనతో అదే కోర్టులో నిలబడ్డ సంస్థల్లో ఉత్కళ క్రైస్తవ మండలి ఉంది, కేరళకు చెందిన అపోస్తలిక్ చర్చెస్ అలయన్స్ ఉంది, ముస్లిం పర్సనల్ లా బోర్డు ఉంది. ఈ దేశంలో సర్వమత సమ్మేళనం ఇంత చక్కగా కుదిరిన సందర్భాలు తక్కువ. జాతకాలు రాసేవాళ్లతో కలిసి భోంచేయడానికి కూడా జంకే పెద్దలు ఆయనతో కలిసి కేసు గెలిచారు. 2013 డిసెంబరు 11న వచ్చిన ఆ గెలుపు 2018 సెప్టెంబరు 6 దాకా నిలిచింది, ఆ రోజు ఐదుగురు న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. పెళ్లి సంగతి మాత్రం అక్కడే ఆగింది. హైదరాబాద్‌లో స్థిరపడ్డ సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకుని, మరుసటేడు చట్టబద్ధత కోసం సుప్రీంకోర్టుకెక్కారు. అది మా పని కాదు, పార్లమెంటు పని అని 2023 అక్టోబరు 17న కోర్టు చెప్పింది.

రెండు నెలలకు, డిసెంబరు 18న, వాటికన్ ఒక పత్రం విడుదల చేసింది. స్వలింగ జంటకు గురువు ఆశీర్వాదం ఇవ్వొచ్చు, అయితే అది పెళ్లి తంతులా కనిపించకూడదు, పెళ్లి బట్టలు ఉండకూడదు. దాని మీద గొడవ లేచాక జనవరిలో వివరణ వచ్చింది: ఆశీర్వాదం పది, పదిహేను సెకన్లలో అయిపోవాలి. అల్ ముంతజా కూడికలో అన్నం ముందు చేసే ప్రార్థన దీనికి ఎన్నో రెట్లు పొడవు.

ఇదంతా సరే, ఈ కూడికలో కూర్చున్నది ఎవరు? భార్యను పక్కన కూర్చోబెట్టుకునే స్తోమత ఉన్నవాళ్లు. ఖతార్ నిబంధన ప్రకారం ప్రైవేటు ఉద్యోగి కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెల జీతం 10,000 రియాళ్లు ఉండాలి. కంపెనీ కుటుంబానికి ఇల్లిస్తే 6,000 చాలు. చేతిపని ఉద్యోగమైతే ఆ దారే లేదు. అదే దేశంలో 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు, కంపెనీ పెట్టకపోతే ఉండటానికి 500, తిండికి 300 అదనం. వెయ్యికీ పదివేలకూ మధ్య ఉన్న ఆ దూరంలోనే జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, రాయచోటి నుంచి వచ్చిన మగవాళ్లలో చాలామంది కాపురాలు నడుస్తున్నాయి, ఫోన్లో.

భార్య, ఇద్దరు పిల్లలు, ఇంటిమీద అప్పు ఉన్న నలభై ఏళ్ల మనిషి దోహా లెక్కలో బ్యాచిలర్. కుటుంబాలు ఉండే ప్రాంతాల్లో కార్మికుల వసతి పెట్టకూడదని 2010లో 15వ నంబరు చట్టమే చేశారు. అందుకే ఆయన మకాం ఇండస్ట్రియల్ ఏరియాలో, బంకు మంచం మీద. మనిషి గుర్తింపు దేవుడిచ్చింది, దాన్ని మార్చే అధికారం ఎవరికీ లేదని అల్ ముంతజాలో గంటసేపు ప్రసంగం నడుస్తున్నప్పుడే, తాళి కట్టినవాడి గుర్తింపును జీతం కాగితం చూసి ఖతార్ మార్చేసింది. దాని మీద ఒక్క అయ్యగారూ ఉపవాస ప్రార్థన పెట్టలేదు. దేవుడు జతపరచినవాళ్లను వేరుచేయకూడదనే వాక్యాన్ని విడాకుల మీద విసరడమే గానీ, పదేళ్లపాటు రెండేళ్లకోసారి నెల సెలవు మీద సాగే కాపురం గురించి ఎవరూ ఎత్తరు. ఎత్తితే కంపెనీల్లో మేనేజర్లుగా ఉన్న సంఘ పెద్దలకు ఇబ్బంది.

శనివారం ఇంకో కథ. సొదొమ బూడిద ఇంకా చల్లారకముందే సంబంధాలు మొదలవుతాయి. అబ్బాయి రక్షణ పొందాడా, బాప్తిస్మం అయిందా అన్నవి మొదటి రెండు ప్రశ్నలు, జవాబు కోసం ఎవరూ ఆగరు. మూడో ప్రశ్న "మనవాళ్లేనా?" దీనికి మాత్రం అందరూ కుర్చీ ముందుకు జరుపుకుంటారు. కేథలిక్ రెడ్డికి కేథలిక్ రెడ్డే, కమ్మ కేథలిక్‌కు కమ్మ కేథలిక్కే, లూథరన్ మాలకు బాప్టిస్టు మాదిగ కుదరడం కష్టమే. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న మొట్టమొదటి దళిత కార్డినల్ అయినప్పుడు గర్వంగా వార్త పంచుకున్న ఫోన్లోనే కులం గడి నింపిన పెళ్లి బయోడేటా ఉంటుంది. కట్నం అన్న మాట వినిపించదు, "అమ్మాయికి మీరు పెట్టుకునేది" అంటారు. కట్న నిషేధ చట్టం 1961 నాటిదని అందరికీ తెలుసు, దాన్ని గౌరవించడమంటే ఆ పేరు ఎత్తకపోవడమే.

మూలన ఒక అబ్బాయి ప్లేట్లు సర్దుతుంటాడు. ముప్ఫై దాటాయి, మంచి ఉద్యోగం, గిటారు వాయిస్తాడు, ప్రతి శుక్రవారం వస్తాడు. వచ్చిన ప్రతి సంబంధాన్నీ ఏదో వంకతో తప్పిస్తాడు. ఎందుకని అడిగేవాళ్లు లేరు, ఎప్పుడని అడిగేవాళ్లే అందరూ. నిజం చెబితే ఖతార్ శిక్షాస్మృతిలో జైలు ఉంది, సంఘంలో సొదొమ ఉంది, ఊళ్లో అమ్మ గుండెపోటు ఉంది. అతని ఇంటి పెద్దలకు ఎక్కడో అనుమానం లేకపోలేదు, మందు కూడా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది: పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి. ఆ మందు మింగాల్సింది గుంటూరులోనో ఏలూరులోనో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి. ఆమెకు మాత్రం సీసా మీద ఏం రాసి ఉందో ఎవరూ చదివి చెప్పరు. సంఘం మొత్తం మీద నిజంగా పాపం అనదగ్గది ఏదైనా జరుగుతుంటే అది ఇదే, ఇది జరిగేది అయ్యగారి ఆశీర్వాదంతోనే.

వచ్చే కుటుంబ కూడికకు కమిటీ ఇంకా అంశం ఖరారు చేయలేదట. పెద్దలకు ఒక మనవి. సొదొమను ఈ నెలకు వదిలేయండి, అది ఎక్కడికీ పోదు. ఇండస్ట్రియల్ ఏరియా నుంచి పెళ్లయిన బ్యాచిలర్లను ఓ నలుగురిని పిలిపించి, కాపురం అంటే ఏమిటో ఒక గంట వాళ్లనే చెప్పనివ్వండి. ప్లేట్లు సర్దే అబ్బాయిని పెళ్లెప్పుడని అడక్కుండా ఒక్క శుక్రవారం అన్నం తిననివ్వండి. ట్యాక్సీ ఛార్జీలు కానుకల పెట్టెలోంచి ఇవ్వొచ్చు.