తెలిసిన చేయి, తెలియని పదార్థం

మాది మార్కాపురం. ఈ చుట్టుపక్కల గనుల రాయే పలకలై ఎన్నో రాష్ట్రాల బడిపిల్లల చేతుల్లోకి వెళ్ళింది. రాయిని కోసి, నునుపు చేసి, చెక్కచట్రం బిగించే మనుషుల మధ్య పెరిగాను. అతికించడం, రంగు వేయడం నాకు ఇంకొకరు నేర్పాల్సిన పనులు కావనుకున్నాను. ఆ అహంకారమే నా తెలివితక్కువతనం.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వైమానిక దళం మిగ్-21కు వీడ్కోలు చెప్పింది. 1963 నుంచి దేశానికి కాపలా కాసిన విమానం అది. మనసాగక దాని ప్లాస్టిక్ కిట్టు తెప్పించుకున్నాను. అసలు దానిలో 72వ వంతు, ఇంచుమించు జానెడు. సూచనల కాగితం విప్పి చూడనైనా లేదు.

మొదట రెక్కలకు ఇంట్లో ఉన్న తెల్లటి చెక్క జిగురు రాశాను. చెక్క అయితే ఆ జిగురును తనలోకి పీల్చుకుని, తడి ఆరాక పట్టేస్తుంది. కిట్లు పోసే పాలిస్టైరిన్ దేన్నీ పీల్చుకోదు. తెల్లారేసరికి రెక్క ఊడి చేతికొచ్చింది. కిట్లకని అమ్మే సిమెంటు పనిచేసే తీరే వేరు. అందులోని ద్రావణి రెండు అంచులనూ కాస్త కరిగిస్తుంది. కరిగినవి ఒకదానిలో ఒకటి కలిసి, ద్రావణి ఆవిరయ్యాక ఒకే ముక్కగా గట్టిపడతాయి. అంచున రంగు ఉంటే ఈ కలయిక సరిగా జరగదు. అందుకే అతికే చోట ముందుగా రంగు గీకేయాలి.

పంతం పట్టి, పైలట్ మీది పారదర్శకమైన మూతకు సూపర్‌గ్లూ పెట్టాను. అది గట్టిపడేటప్పుడు లేచే ఆవిరి మూత మీద తెల్లగా పేరుకుని లోపలి సీటును కప్పేసింది. ఆరితే కంటికి కనిపించని ఆ చెక్క జిగురే మూతకు తగినది. పనికిరాని చోట దాన్నే వాడాను, పనికొచ్చే చోట వదిలేశాను.

చివరికి వేలిముద్రలు పడిన ఎనామిల్ రంగు తుడవాలని ఫర్నిచర్ పాలిష్‌లో కలిపే ఎన్‌సీ థిన్నర్ తెచ్చాను. అది రంగుతో ఆగక ప్లాస్టిక్‌నూ కరిగించింది. విమానం ముక్కు మెత్తబడి, దాని మీది సన్నని గీతలన్నీ అణిగిపోయాయి.

మా నాన్న పలకరాయిని చేతిలోకి తీసుకోగానే వేలితో తట్టి వినేవారు. ఖంగుమంటే రాయి మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులుంది. అది తెలిశాకే పనిముట్టు అందుకునేవారు. ఆయన చేతి వేగం చూసి నేర్చుకున్నాను గానీ, ఆ వేగానికి ముందున్న వినయాన్ని గమనించలేదు.

ప్లాస్టిక్‌కూ అలాంటి పరీక్ష ఉంది. కిట్టులో భాగాలన్నిటినీ పట్టి ఉంచే చట్రం కూడా ఆ ప్లాస్టిక్‌తో పోసిందే. జిగురైనా థిన్నరైనా ముందు దాని మీద ఒక చుక్క వేసి చూస్తే అసలు భాగాలకు హాని జరగదు. నేను ఆ చట్రాన్ని మొదటిరోజే చెత్తలో పడేశాను.

ఒక పనిలో చేయి తిరిగినంత మాత్రాన ఇంకో పదార్థం మన మాట వినదు. దాని స్వభావం తెలుసుకోవడం కూడా పనిలో భాగమే. ఇప్పుడు అదే విమానం కిట్టు మళ్ళీ తెప్పించాను. సూచనల కాగితం చివరిదాకా చదివాకే మొదటి ముక్క కోస్తాను.