బొమ్మ శవానికి పంచనామా

మా అక్క కూతురు న్యూజెర్సీలో ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో ఫోరెన్సిక్ సైన్సు తీసుకుంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మనుషులు లేరు, అనుమానితులే ఉన్నారు. నేను వెళ్ళిన రోజున ఫ్రిజ్‌లో రెండు గులాబ్‌జామూన్లు మాయమయ్యాయి. పిల్ల గిన్నెకు టాల్కం పౌడర్ అద్ది, వాళ్ళమ్మ మేకప్ బ్రష్షుతో దులిపి, సెల్లోటేపు అంటించి వేలిముద్రలు తీసింది. అక్కవి దొరికాయి, నావీ దొరికాయి. ఇంతలో మా బావ మీసానికంటిన పాకం తుడుచుకుంటూ వచ్చి సోఫాలో కూర్చున్నాడు. కేసు అలా తేలింది.

తప్పు పిల్లది కాదు. ఆ కోర్సు బ్రోషరు నేనూ చూశాను. పసుపు టేపు, నీలం గ్లౌజులు, చీకట్లో మెరిసే నెత్తురు. 2000లో అమెరికా టీవీలో ‘సీఎస్‌ఐ’ సీరియల్ మొదలైన దగ్గర్నుంచి ఈ చదువుకి ఇదే వేషం. సీరియల్లో ఒకే మనిషి శవం పక్కన వెంట్రుక ఏరుతాడు, తనే లాబ్‌లో పరీక్షిస్తాడు, తనే హంతకుడి చేత నిజం కక్కిస్తాడు. యాడ్లతో కలిపి గంట. అసలు లాబ్‌లో కూర్చున్నవాడికి కనిపించేది పొట్లాల్లో పొడులు, సీసాల్లో రక్తం, వాటి మీద చీటీలు. శవం మొహం చూడకుండానే రిటైరయ్యేవాళ్ళున్నారు.

కాలేజీ లాబ్‌లో మాత్రం ఒక రబ్బరు బొమ్మ ఉంది. సెమిస్టరుకోసారి దాన్ని చంపుతారు. కార్న్ సిరప్‌లో ఎర్రరంగు కలిపి నెత్తురు చిందిస్తారు. పిల్లలు చుట్టూ చేరి ఫొటోలు తీసుకుంటారు, కొలతలకి కొన్ని, ఇన్‌స్టాగ్రాంకి కొన్ని.

ఇక అసలు సంగతి. ఎఫ్‌బీఐ ప్రమాణాల ప్రకారం డీఎన్‌ఏ లాబ్‌లో విశ్లేషణ చేసేవాళ్ళకి కనీసం నాలుగేళ్ళ డిగ్రీ ఉండాలి. అందులో జీవరసాయనం, జన్యుశాస్త్రం, మాలిక్యులర్ బయాలజీ చదివుండాలి. రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీతో ఆ తలుపు తెరుచుకోదు. ఇదంతా బ్రోషర్లో లేదనను. ఉంది. చదవడానికి వాళ్ళు కోర్సులో ఇచ్చే భూతద్దమే కావాలి.

కమ్యూనిటీ కాలేజీని ఎగతాళి చేస్తున్నాననుకోకండి. ఆ దేశంలో సామాన్యుడి జేబుకి అందే చదువు అదొక్కటే అనిపిస్తుంది నాకు. అదే భవనంలో, అదే వరండా చివర కెమిస్ట్రీ క్లాసుంది, స్టాటిస్టిక్స్ క్లాసుంది. తక్కువ ఫీజుతో ఆ క్రెడిట్లు సంపాదించుకుని యూనివర్సిటీకి బదిలీ అయితే, ఫోరెన్సిక్ లాబ్‌కి దారి అదే. కానీ ఆ గుమ్మానికి పసుపు టేపు కట్టరే! “అది బోరు మామయ్యా” అంది మా పిల్ల, ఒక్క ముక్కలో తేల్చేసి.

బోరు లేకుండా తేల్చేసిన పెద్దలు ఏం చేశారో చూద్దాం. వెంట్రుకల్ని మైక్రోస్కోపు కింద పోల్చి కోర్టుల్లో దశాబ్దాలపాటు సాక్ష్యాలు చెప్పారు ఎఫ్‌బీఐ నిపుణులు. పాత కేసుల్ని తిరగదోడితే, తాము పరిశీలించిన సాక్ష్యాల్లో కనీసం 90 శాతంలో తప్పు మాటలున్నాయని 2015లో ఆ సంస్థే ఒప్పుకుంది. అంతకుముందు 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ళప్పుడు, ఒక సంచి మీది వేలిముద్ర ఒరెగాన్ లాయరుదేనని బల్లగుద్ది చెప్పి ఆయన్ని రెండు వారాలు నిర్బంధించారు. ఆ ముద్ర ఒక అల్జీరియా మనిషిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. వీళ్ళెవరికీ డిగ్రీలు తక్కువై కాదు. “ఏమో, చెప్పలేం” అనే మాట నోటికి రాకపోవడం వల్ల.

మొన్న మా పిల్ల ఫోన్ చేసింది. గొంతు చిన్నబోయింది. బొమ్మ హత్యకేసు రిపోర్టులో “ఈ సగం ముద్ర ఎవరిదో చెప్పడానికి ఆధారం చాలదు” అని రాసిందట. మార్కులు కోసేశారట. హంతకుడి పేరు జవాబుల షీట్లో ముందే ఉంది మరి. పోయిన సెమిస్టర్లో వంటమనిషి, ఈసారి తోటమాలి. బొమ్మ మాత్రం అదే.